మేడ లేని కొంగు

పని అంటే ఏమిటి

సూరత్ మగ్గాలకు జకార్డు డిజైన్లు గీసి గీసి కళ్ళు, మెడ రెండూ అరగదీసుకుని ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. మా బస్తీ పిల్లలు కంప్యూటర్ మీద డిజైన్ కోర్సు చేసి, ఉద్యోగానికి పోయే ముందు ఒకసారి నా దగ్గరికి వస్తుంటారు. "అంకుల్, కౌన్సా సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలె?" అని అడుగుతారు. ఒరే నాయనా, సాఫ్ట్‌వేర్ రెండు మూడు నెలల్లో వస్తుంది. నీకంటే బాగా వచ్చినవాడు పక్క గల్లీలోనే ఉంటాడు. అది అడగడానికి నా ఇంట్లో టీ తాగాలా?

అడగాల్సింది వాళ్ళు అడగరు కాబట్టి నేనే రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఏ షెడ్డు నుంచి ఏ షెడ్డుకు మారాను అనేవి ఇందులో ఉండవు. అవి చెప్పుకోవాలంటే నాకే విసుగు.

మా నాయన కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పద్మశాలి. ఇక్కడ పవర్‌లూమ్ నడిపాడు. నన్నూ మగ్గం మీదే పెట్టాడు గానీ, ఆ చప్పుడులో నేను రోజూ పిచ్చి గీతలు గీస్తూ దారాలు తెంపుతున్నానని తిట్టి, డిజైన్ గదికి తోలాడు. ఆ తిట్టు వల్లే బతికిపోయాను.

జకార్డు సంగతి తెలియనివాళ్ళకు చెప్తాను. గళ్ళ కాగితం మీద బొమ్మ గీస్తాం. ఒక్కో వరుసకు ఒక్కో అట్టముక్క, దానికి చిల్లులు. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. ఆ అట్టలన్నీ వరుసగా కుట్టి, గొలుసులా చేసి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, మగ్గం వాటిని ఒక్కొక్కటే చదువుకుంటూ పోతుంది. ఇప్పుడు చాలా షెడ్లలో అట్టలు పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది. బొమ్మ తప్పితే తిట్లు మాత్రం ఇప్పటికీ డిజైనర్‌కే వస్తాయి, అవి ఏ పెన్‌డ్రైవ్‌కూ పోలేదు.

కరీం మాస్టర్ చీర కట్టిన రోజు

నాకు పని నేర్పినవాడు కరీం మాస్టర్ అనే సూరతీ పెద్దాయన. తెల్లటి గడ్డం, నోటి నిండా పాన్. నేను మొదటిసారి కొంగు మీద నెమలి గీసి తీసుకెళ్ళి బల్ల మీద పరిచాను. ఎంత బాగుందో! నాకే ముద్దొచ్చింది. ఆయన ఆ కాగితాన్ని ఎత్తి, భుజం మీద నుంచి కొంగులా వేసుకుని, గుజరాతీ ఆడవాళ్ళ పద్ధతిలో ముందుకు పరుచుకుని షెడ్డంతా తిరిగాడు. మగ్గాలవాళ్ళు పని ఆపి మరీ ఈలలు వేశారు. ఇంతలో కాగితం మడత పడింది, మడతలో నా నెమలి మెడ పోయింది. మొండెం, తోక మిగిలాయి.

"బేటా, దీన్ని బల్లకు కడతావా, మనిషికి కడతావా?" అన్నాడాయన.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచి ఏ డిజైన్ అయినా ముందు ఒంటి మీద వేసుకుని అద్దంలో చూసుకునేవాణ్ణి. మా ఆవిడ, పెళ్ళైన కొత్తలో, నేను కాగితం చీర కట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతుంటే చూసి వాళ్ళ అమ్మకు కబురు పెట్టబోయింది. పిల్లలూ, మీరు స్క్రీన్ మీద ఎంత పెద్దగా చేసి చూసుకున్నా ఆ చీర చివరికి ఒక మనిషి కట్టుకుంటుంది. ఆ మనిషికి ఒక ఇల్లుంటుంది, పుట్టిల్లుంటుంది. ఇది నేను మాటల్లో చాలా ఏళ్ళు చెప్పుకుంటూ తిరిగాను గానీ, నిజంగా తెలిసింది మాత్రం కింద చెప్పబోయే గొడవలోనే.

మన్‌హర్‌భాయ్

నేను ఎక్కువ కాలం పనిచేసింది మన్‌హర్‌భాయ్ సేటు దగ్గర. సచిన్ రోడ్డులో షెడ్డు, ఆల్థాన్‌లో ఇల్లు. చెడ్డ మనిషి కాదు. పండక్కి అందరికీ మిఠాయి డబ్బా, చెయ్యి తెగితే తన కారులోనే ఆసుపత్రికి. కానీ మగ్గాలవాళ్ళను పేరుతో పిలవడం ఆయనకు రాదు. "సాత్ నంబర్ కో బులావ్" అనేవాడు. ఏడో మగ్గం మీద ఎవరుంటే వాళ్ళే ఏడో నంబరు. మనిషి మారినా నంబరు మారదు.

నేను పై అంతస్తులో ఏసీ గదిలో ఉండేవాణ్ణి. కిందికి దిగితే చెవులు దిమ్మెక్కుతాయి. టీ వేళకు మాత్రం దిగేవాణ్ణి, ఎందుకంటే కింద అందరూ మనవాళ్ళే. జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల. పొద్దంతా హిందీ, గుజరాతీ విన్న చెవులకు వాళ్ళ మాట వింటే ప్రాణం లేచివచ్చేది. వాళ్ళు నన్ను "సారు" అనేవారు. నాకది బాగానే ఉండేది, నిజం చెప్పాలిగా.

ఆ ఏడో నంబరు మనిషి పేరు నర్సయ్య. ఊరి చివర ఉన్ అనే బస్తీలో అద్దె గది, భార్య రాజవ్వ, పెళ్ళైన కూతురు ఒకతి. అరవైకి దగ్గరపడ్డాడు, మోకాళ్ళు పోయాయి. మగ్గం నడపడంతోపాటు షెడ్డులో అట్టలు కుట్టే పని కూడా ఆయనదే. గొలుసు మధ్యలో ఒక అట్ట చిరిగినా ఎక్కడిదో చూసి, విప్పి, కొత్తది కుట్టేవాడు. ఎక్కువ మాట్లాడడు. ఎవరైనా హాస్యమాడితే మీసం కింద నవ్వేవాడు, అంతే.

చూడని తోట

ఒక పెళ్ళిళ్ళ సీజన్ ముందు సేటుగారి కూతురు హేతల్ జపాన్ చూసి వచ్చింది. వస్తూ క్యోటోలోని ఒక రాజతోట మీద పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చింది. సేటు దాన్ని నా బల్ల మీద పడేసి, "ఇది కొంగు మీదికి రావాలి. తోట, చెరువు, వంతెన, పైన మహల్. మార్కెట్‌లో ఎవరి దగ్గరా ఉండకూడదు" అన్నాడు.

నేను జపాన్ మొహం చూడలేదు. నా పాస్‌పోర్టు ఇప్పటికీ ఖాళీయే. కానీ ఆ పుస్తకం నన్ను పట్టేసుకుంది. ఆ దేశంలో రాజు బతికుండగానే గద్దె దిగిపోవడం ఉండేదట. అలా దిగిన రాజు ఉండడానికని దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక మేడ కట్టి, పక్కనే ఈ తోట వేశారు. రిటైరైన రాజు ఇల్లన్నమాట. తోటలో రెండు చెరువులు. ఉత్తరపు చెరువు మొదట పక్కనున్న రాణిగారి తోటది, తర్వాత మధ్యలో కాలువ తవ్వి రెండూ కలిపారు. ఒక వంతెన తిన్నగా పోకుండా మధ్యలో మలుపు తిరుగుతుంది, దాని మీద పందిరి, పందిరి మీద ఊదా రంగు పూలతీగ. ఆకురాలే కాలంలో మేపుల్ చెట్లు ఎర్రగా మండినట్టు ఉంటాయి.

దక్షిణపు చెరువు ఒడ్డు అన్నిటికంటే వింత. గడ్డి లేదు, మెట్లు లేవు. ఒకే సైజు గుండ్రటి రాళ్ళు, వేలకు వేలు, నీళ్ళలోకి జారుతున్నట్టు పరిచి ఉంటాయి. ఎక్కడో సముద్రపు ఒడ్డున ఏరించి, ఒక్కో రాయికి ఒక కొలత బియ్యం ఇచ్చి తెప్పించారని అక్కడ చెప్పుకుంటారట.

ఆ రాళ్ళు నా ప్రాణం తీశాయి. గళ్ళ కాగితం మీద గుండ్రం గీయడం ఎంత కష్టమో గీసినవాడికే తెలుసు. చిన్న రాయి గీస్తే చతురస్రం అవుతుంది, ఇంకాస్త పెద్దది చేస్తే బంగాళాదుంప అవుతుంది. చివరికి రాయిని గీయడం మానేసి రాయి పక్కన నీడ గీశాను. నీడలు సరిగా పడితే కన్ను దానంతటదే రాయిని చూస్తుంది. ఈ చిట్కా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను, ఇప్పుడు ఊరికే ఇస్తున్నాను, తీసుకోండి.

ఇక మేడ. ఆ మేడ ఇప్పుడు లేదు. ఎన్నోసార్లు కాలింది, ప్రతిసారీ కట్టారు. చివరిసారి కాలాక ఇంక కట్టలేదు. తోట ఒక్కటే మిగిలింది. మేడ ఉండిన చోట ఇప్పుడు ఉత్త నేల, చెట్లు. పుస్తకంలో పాతకాలపు చిత్రం ఒకటి ఉంటే దాన్ని చూసి పొడవాటి కప్పులు, ముందు వసారా గీశాను. చెరువు కొంగు చివర, దాని పైన వంతెన, ఆ పైన కొంగు అడ్డంగా మొత్తం మేడ. సేటు చూసి "అరె వాహ్" అని వీపు చరిచాడు. మేడ కాలిపోయిన సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చీరకు దానితో ఏం పని అనుకున్నాను.

టీ దగ్గర చెప్పిన కథ

కొత్త డిజైన్ మగ్గం ఎక్కినప్పుడు కిందివాళ్ళకు దాని కథ చెప్పడం నాకు అలవాటు. ఏం నేస్తున్నాడో తెలిస్తే మనిషి చెయ్యి వేరేగా నడుస్తుందని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. నర్సయ్య అట్టలన్నీ కుట్టి, గొలుసు ఎక్కించి, ఏడో మగ్గం మీద నాలుగైదు చీరలు దించాక ఒక మధ్యాహ్నం టీ దగ్గర ఈ తోట కథ మొదలుపెట్టాను.

పక్క మగ్గం పోశెట్టి నోరు ఊరుకోదు. "రాయికి బియ్యం ఇచ్చిండా? సారు, మా ఊర్ల గుట్ట మొత్తం రాళ్ళే. జర ఆ రాజుకు ఫోన్ కొట్టు, లారీలు పంపుత" అన్నాడు. అందరూ నవ్వారు.

"పని దిగినంక రాజుకు తోట ఇచ్చిండ్రు. మనకు పని దిగినంక ఏమిస్తరు?" అని ఇంకొకాయన.

"నీకు మోకాళ్ళ నొప్పులిస్తరు, తీస్కపో" అని పోశెట్టి.

మేడ కాలిన సంగతికి వచ్చేసరికి నేను కాస్త రక్తి కట్టించాను. కర్ర ఇళ్ళు, చెట్టు బెరడు కప్పులు, గాలి, ఊరంతా పాకిన మంట. అంతవరకూ గ్లాసులోకి చూస్తూ కూర్చున్న నర్సయ్య తలెత్తాడు.

"మల్ల కట్టలేదా సారు?"

"కట్టారు నర్సన్నా, చాలాసార్లు కట్టారు. చివరిసారి కాలాక వదిలేశారు."

"మరి తోట?"

"తోట ఉంది. రోజూ ఊడుస్తారు, చెట్లు కత్తిరిస్తారు. జనం చూడటానికి వస్తారు."

గ్లాసు కింద పెట్టాడు. "ఆ ఇంట్ల ఉన్నోళ్ళు ఏడికి పొయ్యిండ్రు?"

"రాజుగారు కదా, ఇంకో మేడకు పోయుంటాడు."

"రాజు సరే. ఇంట్ల పనోళ్ళు ఉంటరు గద."

పుస్తకంలో అది లేదు. తెలియదన్నాను. సైరన్ మోగింది, అందరూ లేచారు. నేను పైకి పోయి నా ఏసీలో కూర్చున్నాను.

టాకాలో మేడ లేదు

సూరత్‌లో నేసిన బట్ట చుట్టను టాకా అంటారు. ఏడో మగ్గం నుంచి దిగిన కొత్త టాకాను మడత సెక్షన్‌లో విప్పినవాడు పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను పిలిచాడు. కిందికి వెళ్ళేసరికి సేటు అక్కడే ఉన్నాడు. చీర మీద చీర విప్పి పరుస్తున్నారు. చెరువు ఉంది, రాళ్ళున్నాయి, మలుపు వంతెన ఉంది, పూలతీగ ఉంది. వంతెన దాటాక దారి కొంత దూరం పోయి ఆగిపోయింది. ఆ పైన ఉత్త నేల, చీర ఒంటి మీద వచ్చే చిన్న చిన్న బుటాలు. ఒక్క కొంగు మీద కూడా మేడ లేదు.

"మహల్ ఏది? నా మహల్ ఎక్కడికి పోయింది?" అని సేటు అరిచాడు.

నేను గొలుసు చూశాను. అట్ట తప్పితే ఒక గీత తప్పుతుంది, ఇది అలాంటిది కాదు. మేడ అట్టలన్నీ శుభ్రంగా విప్పేసి, వాటి స్థానంలో సరిగ్గా అన్నే బుటా అట్టలు కుట్టి ఉన్నాయి. పొడవు తగ్గలేదు, అతుకు కనబడటం లేదు. షెడ్డులో ఆ కుట్టు ఒక్కడిదే.

నర్సయ్య దాచలేదు. మగ్గం ఆపి, చేతులు తుడుచుకుని వచ్చి నిలబడ్డాడు. ఆయన హిందీ అంతంతమాత్రం. తెలుగులోనే చెప్పాడు, నేను సేటుకు హిందీలో చెప్పాను.

"నేనే తీసిన సేటు. నువ్వు అమ్మే చీరలు పెండ్లిండ్లకు పోతయి. మా దిక్కు ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తరు. కొత్త చీర కట్టిచ్చి, కొంగు పట్టమని, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు తల్లిగారింటోళ్ళు పోస్తరు. బిడ్డ ఇల్లు సల్లగుండాలని పోస్తరు. గా కొంగు మీద కాలిపోయిన ఇల్లు పెడ్తమా? నా చేతులతోని నెయ్య."

సేటు నోరు వెళ్ళబెట్టాడు. "కాలిపోయిన ఇల్లా? ఏ ఇల్లు?"

"ఈ మహలే సేటు. సారు చెప్పిండు."

అప్పుడు సేటు నా వైపు తిరిగాడు. దేవుడా, ఆ చూపు! "నీకు తెలుసా ఇది?"

తెలుసన్నాను.

"నేను మామేరు చీరలు అమ్ముకునేవాణ్ణి. మేనమామ మేనకోడలికి పెట్టే చీర మీద కాలిన ఇల్లు గీశావా? ఎవడికైనా తెలిస్తే మార్కెట్‌లో నా పరువేం కాను? నీకు ఇరవై ఏళ్ళుగా జీతం ఇస్తున్నది ఇందుకా?" ఇంకా చాలా అన్నాడు, గుజరాతీలో. గుజరాతీ తిట్లు వినడానికి తియ్యగానే ఉంటాయి గానీ ఒక్కోటీ లోపలికి దిగుతుంది. పోశెట్టి వెనక నిలబడి నవ్వాపుకోలేక చస్తున్నాడు. నాకు కూడా ఎక్కడో ఊరట, తిట్లు నా మీదికి మళ్ళితే నర్సయ్య బయటపడతాడు కదా అని.

బయటపడలేదు. నన్ను తిట్టడం అయ్యాక సేటు చల్లబడి, కుర్చీలో కూర్చుని, మామూలు గొంతుతో మాట్లాడాడు. ఆయన మామూలు గొంతుతో మాట్లాడితేనే భయం. "డిజైన్ తప్పయితే డిజైనర్‌ను అడుగుతాను. కానీ మగ్గం మీది మనిషి తనంతట తాను అట్టలు తీస్తే షెడ్డు నడవదు. ఇవాళ మహల్ తీశాడు, రేపు వంతెన తీస్తాడు. ఆర్డర్ ఇచ్చినవాడు మహల్ చూసి ఇచ్చాడు." నర్సయ్య వైపు తిరిగాడు. "సాయంత్రంలోగా మహల్ అట్టలు మళ్ళీ ఎక్కించు. లేదంటే రేపటి నుంచి రావద్దు."

పిల్లలూ, ఇక్కడ సేటుది తప్పని నేను అనను. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే అనేవాణ్ణి. పది మంది కలిసి నేసే గుడ్డలో ఒక్కడు చెప్పకుండా మారిస్తే మిగిలినవాళ్ళ పని పోతుంది. కానీ నర్సయ్య సంగతి కూడా చెప్పాలి. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, ఒక షెడ్డు తీసేసిన మనిషిని ఇంకో షెడ్డు పెట్టుకోదు. ఆ మగ్గం పోతే ఆయనకు సూరత్ పోయినట్టే. ఊళ్ళో ఆయనకు చేసుకునే పని లేదు. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

"నర్సన్నా, ఎక్కించు. తర్వాత నేను సేటుతో మాట్లాడతాను. డిజైన్ మారుస్తాను, మేడ తీసి చెట్టు పెడతాను. ఈ ఒక్క లాట్ కానియ్యి" అని బతిమాలాను.

"నువ్వు మంచోనివే సారు. నాతోని కాదు" అన్నాడు. గోడకు తగిలించిన సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసుకుని, అంగీ గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. గుండీ పట్టడం లేదు.

పోశెట్టికి నవ్వు పోయింది. ముందుకొచ్చి వచ్చీరాని హిందీలో సేటుతో గట్టిగా అన్నాడు: "సేఠ్, ఇస్‌కా ఘర్ జల్ గయా థా. గీయన ఇల్లు కాలిపోయింది. పోయిన ఎండాకాలం. నీకెరుకనా?"

షెడ్డులో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఉన్‌లో వాళ్ళ గదిలో కరెంటు వైర్లు అంటుకున్నాయట. మనుషులకు ఏం కాలేదు. మంచం, బట్టలు, బియ్యం డబ్బా, కూతురి ఒడిబియ్యానికి తెచ్చిపెట్టిన చీర, అన్నీ పోయాయి. మగ్గాలవాళ్ళే తలా ఒక జత బట్టలు ఇచ్చారట. ఆ బిడ్డకు ఇంతవరకూ ఒడిబియ్యం పోయలేదట.

"నాకెందుకు చెప్పలేదు?" అని సేటు నర్సయ్యను అడిగాడు.

"చెప్తే సెలవు పెట్టుమంటవు. సెలవు పెడితే నా బదులు బదిలీ మనిషి మగ్గం ఎక్కుతడు. ఎక్కినోడు దిగుతడా సేటు?" అన్నాడు నర్సయ్య. "తెల్లారి పనికొచ్చిన. గంతే."

నేను ఆ మాటలు హిందీలోకి మార్చాను. ఎలా మార్చానో నాకే తెలియదు. పోయిన ఎండాకాలమంతా నేను ఆయన కుట్టిన అట్టలు చూశాను, ఆయనతో కూర్చుని టీ తాగాను. నాలుగు వందల ఏళ్ళ కిందటి రాజు మేడ ఎన్నిసార్లు కాలిందో చదివి, కథ కట్టి, అదే మనిషి ముందు రక్తి కట్టించి చెప్పాను.

సేటు కారెక్కి వెళ్ళిపోయాడు. ఉండమనలేదు, పొమ్మనలేదు. నర్సయ్య కాసేపు చూసి, డబ్బా పట్టుకుని ఇంటికి పోయాడు. మర్నాడు ఏడో మగ్గం మీద బదిలీ మనిషిని పెట్టారు. తర్వాత రెండు రోజులు షెడ్డులో నవ్వులు లేవు. పోశెట్టి నా టీ కూడా తనే తాగేసి, నాతో మాట్లాడకుండా పోయేవాడు.

ఉన్‌లో ఆదివారం

ఆ చీరల సంగతి ఏమైందని అడుగుతారు. మేడ లేని చీరలు చూసి బజారంతా ఎగబడిందని చెబితే మీకు బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. ఆర్డర్ ఇచ్చిన వ్యాపారి గొణిగి, ధర తగ్గించుకుని తీసుకున్నాడు. మామూలు తోట చీరల్లాగే అమ్ముడుపోయాయి. ఈ పనిలో ఎక్కువ సంగతులు అలాగే ముగుస్తాయి.

ఆదివారం పొద్దున సేటు ఫోన్ చేసి, "ఆ ఏడో నంబర్..." అని ఆగి, "నర్సయ్య ఇల్లు తెలుసా?" అన్నాడు. నాకూ తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పోశెట్టిని అడిగి దారి తెలుసుకున్నాం.

కారు గల్లీలోకి పట్టలేదు, దిగి నడిచాం. సేటు తెల్లబట్టలతో బురద తప్పించుకుంటూ నా వెనకే వచ్చాడు. నర్సయ్య మమ్మల్ని చూసి కంగారుపడి, వంగి వంగి నమస్కారాలు పెట్టాడు. రాజవ్వ పక్కింటికి పరుగెత్తి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చింది. ఒకే గది. గోడకు కొత్తగా సున్నం కొట్టారు గానీ, పైకప్పు దగ్గర నలుపు సున్నంలోంచి బయటికి కనబడుతోంది. మూలన బట్టల మూట, ఒక స్టవ్వు, కొత్త బియ్యం డబ్బా. ఇంకేం లేదు.

సేటు ఆ నలుపు వైపు చాలాసేపు చూశాడు. చేతిలో ఉన్న కవర్లోంచి ఒక చీర తీసి రాజవ్వ చేతిలో పెట్టాడు. "బిడ్డ కోసం. మా హేతల్ ఎంచింది. మహల్ ఏమీ లేదు దీని మీద, చూసుకో" అన్నాడు. తర్వాత నర్సయ్యతో, "సోమవారం రా. నీ మగ్గం నీదే. మహల్ అట్టలు ఎక్కించనక్కర్లేదు. ఇంకోసారి ఏదైనా తీయాలనిపిస్తే ముందు నాకు చెప్పు, అరుచుకుందాం, అప్పుడు తీద్దువు" అన్నాడు.

ఆ మాటలు నేను తెలుగులో చెప్పాను. నర్సయ్య తల ఊపాడు, నీళ్ళు తెస్తానని చెంబు తీసుకుని బయటికి పోయాడు.

ఆయన పోగానే రాజవ్వ చీరను ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది. "సారు, ఆ దినం మీరేమో రాజు కథ చెప్పిండ్రంట గద. ఇంటికొచ్చి నాకు చెప్పిండు. రాజు ఇల్లు కాలిందే, మల్ల కట్టలేదే అనుకుంట ఎక్కెక్కి ఏడ్సిండు సారు, చిన్నపోరని లెక్క. మా ఇల్లు కాలిన్నాడు మాత్రం ఒక్క కన్నీటి చుక్క పెట్టలేదు. మొకం కడుక్కొని పనికి పొయ్యిండు."

సేటు నా మోచేయి పట్టుకుని, "ఏమంటోంది?" అని అడిగాడు. చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.